మోరీ గుడగుడలాడితే ముందు గాలిని వెతకండి



మిద్దె మీది నీళ్ళ ట్యాంకును శుభ్రపరచుకునే విధానం గురించి గత సంచికలో వ్రాసిన తరువాత, సోదరీమణులు కొందరు ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగారు. నీరు ఇంట్లోకి వచ్చే దారి గురించి చెప్పారు, మరి బయటికి పోయే దారి సంగతి ఏమిటి? స్నానాల గదిలో మోరీ వేళాపాళా లేకుండా గుడగుడమంటున్నది, యాసిడ్ పోసినా రెండు రోజులకు మించి ఊరుకోవడం లేదు, ఏం చేయాలి అని. ఈ ప్రశ్న చదివినప్పుడు నాకు కొంత సిగ్గు కలిగింది. మూడేళ్ళ క్రితం ఇదే గుడగుడ మా ఇంట్లో మొదలైనప్పుడు నేను చేసిన తప్పు నాకు గుర్తుకు వచ్చింది.

మా ఇల్లు రెండంతస్తులది. క్రింద మేము ఉంటాము. పైన ఒక దర్జీ సోదరుడు భార్యతో, ముగ్గురు పిల్లలతో, వృద్ధురాలైన తల్లితో అద్దెకు ఉంటున్నారు. ఆ వేసవిలో పైవారు ఫ్లష్ నొక్కినప్పుడల్లా మా స్నానాల గదిలోని జాలీ క్రింద నుంచి, ఎవరో నీళ్ళలో మునిగి ఊపిరి విడిచినట్లు, గుడగుడమని శబ్దం రాసాగింది. ఫజర్ నమాజుకు వుజూ చేద్దామని తలుపు తీస్తే కుళ్ళిన కోడిగుడ్ల వాసన. శబ్దం వారు నీళ్ళు వదిలినప్పుడే వస్తున్నది గనుక దోషం కూడా వారిదేనని నేను నిశ్చయించుకున్నాను. మేడ ఎక్కి, "పిల్లలు మోరీలో ఏదో వేస్తున్నట్లున్నారమ్మా, కాస్త చూసుకోండి" అని చెప్పి వచ్చాను. ఆ సోదరి తలుపు చాటు నుంచి, "లేదు హజ్రత్, మా పిల్లలు జాలీ ముట్టనే ముట్టరు" అన్నారు. నేను నమ్మలేదు. మరో రెండుసార్లు చెప్పాను. చివరికి ఇషా తరువాత స్నానాల గదిలో నీళ్ళు తక్కువ వాడమని కూడా అన్నాను.

ఇంతలో ఇద్దరు ప్లంబర్లు వచ్చి వెళ్ళారు. మొదటివారు యాసిడ్ పోశారు. రెండవవారు స్ప్రింగ్ తీగ దూర్చి త్రిప్పి, కాసిని వెంట్రుకలు తీసి చూపించారు. డబ్బు ఖర్చయింది, గుడగుడ తగ్గలేదు. పిట్టగోడ పగులు పూడ్చడానికి వచ్చిన ఒక ముసలి మేస్త్రీ మా మాటలు విని, "మౌలానా సాబ్, ఈ నాలుగంగుళాల గొట్టం మేడ మీద ఎక్కడ తేలింది?" అని అడిగారు. ఇద్దరమూ పైకి వెళ్ళాము. గొట్టం కొస ఎక్కడా కనిపించలేదు. అప్పుడు గుర్తుకు వచ్చింది. అంతకు ముందు సంవత్సరం పుస్తకాల కోసం మేడ మీద చిన్న గది కట్టించాను. గొట్టం కొస ఆ గది లోపలికి వస్తున్నదని, వాసన కొడుతుందని, దానిని సిమెంటుతో మూయించినది నేనే.

మేస్త్రీ ఉలితో ఆ సిమెంటు బిళ్ళను పగులగొట్టి, నన్ను క్రిందికి పంపి, పైవారిని ఫ్లష్ నొక్కమన్నారు. జాలీ దగ్గర వంగి విన్నాను. నీరు జారిన సవ్వడి తప్ప మరేమీ లేదు.

ఆ మేస్త్రీ ఇచ్చిన వివరణ కంటే తేలికైనది నేను ఇంతవరకు ఎక్కడా వినలేదు. పదిహేను కిలోల నూనె డబ్బాకు ఒక మూల మాత్రమే రంధ్రం పొడిచి వంచితే ఏమవుతుంది? నూనె గుటక గుటకగా, గుడగుడమంటూ పడుతుంది. ఎదురు మూల మరొక రంధ్రం పొడిస్తే చప్పుడు లేకుండా ధారగా పడుతుంది. కిరాణా కొట్టువారు డబ్బాకు రెండు రంధ్రాలు పొడిచేది అందుకే. లోపల నుంచి ద్రవం బయటికి రావాలంటే దాని చోటు నింపడానికి గాలి లోపలికి పోవాలి. మరొక దారి లేకపోతే అదే రంధ్రం గుండా, వచ్చే నూనెను తోసుకుంటూ గాలి దూరుతుంది. మనము వినే గుడగుడ ఆ గాలిదే. ఇంటి మురుగు గొట్టానికి ఆ రెండవ రంధ్రమే మేడ మీదికి తేలిన గాలి గొట్టం, ప్లంబర్లు వెంట్ పైపు అనేది. దానిని మూస్తే నీరు తనకు కావలసిన గాలిని ఇంట్లోని మోరీల నుంచి లాక్కుంటుంది.

అయితే మోరీలో గాలికి అడ్డంగా నీరు నిలిచి ఉంటుంది. జాలీ క్రింద గిన్నెలాంటి అమరికలో, వాష్ బేసిన్ క్రింద సీసాలాంటి భాగంలో, కమోడ్ వంపులో, అన్నిచోట్లా సుమారు 50 మిల్లీమీటర్ల లోతు నీరు ఎప్పుడూ ఉండేటట్లు చేస్తారు. దీనిని ట్రాప్ అంటారు. జాలీ క్రింది దానికి మన ప్రాంతపు పనివారు నాహ్ని ట్రాప్ అని పేరు. వాడిన నీరు దానిని దాటి పోతుంది గాని, గొట్టంలోని దుర్వాయువు ఆ రెండంగుళాల నీటిని దాటి ఇంట్లోకి రాలేదు. గొట్టాన్ని వంచి అందులో నీరు నిలపవచ్చునన్న ఆలోచనకు 1775లో పేటెంటు పొందినవారు అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు. అప్పటి నుంచి ఆ వంపు ఆకారాలు మారాయి గాని సూత్రం మారలేదు.

కనుక గుడగుడను చెవికి ఇబ్బంది అని మాత్రమే అనుకోకూడదు. ఆ రెండంగుళాల నీటి మూత కదులుతున్నదని దాని అర్థం. మేడ పైనుంచి నీరు ఒక్కసారిగా పడుతున్నప్పుడు అది తన ముందున్న గాలిని క్రిందికి నెడుతుంది, తన వెనుక ఉన్న గాలిని లాగుతుంది. నెట్టిన గాలి క్రింది మోరీలో బుడగలుగా పైకి వస్తుంది. లాగిన గాలి మోరీలోని నీటిని తనతో పాటు ఈడ్చుకుపోతుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే మూత ఖాళీ అవుతుంది. అప్పుడు గొట్టానికీ గదికీ మధ్య అడ్డు ఉండదు. మా గదిలో తెల్లవారుజామున వచ్చిన వాసనకు కారణం ఇదే. అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ స్వల్పంగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన ఆగిందని ప్రమాదం తప్పినట్లు కాదు. ఈ మాట సెప్టిక్ ట్యాంకు సంగతి వచ్చినప్పుడు మళ్ళీ గుర్తు చేస్తాను.

ఇక మీ ఇంట్లో కారణాన్ని ఎలా కనిపెట్టాలి? ప్లంబరును పిలిచే ముందు ఒక రోజంతా ఊరకే వినండి. మోరీ ఎప్పుడు పలుకుతున్నది? తన నీరు తాను మ్రింగుతున్నప్పుడా, లేక వేరే చోట నీరు వదిలినప్పుడా? అది ఒక్కటే పలుకుతున్నదా, ఇంట్లోని అన్నీ పలుకుతున్నాయా? నీరు ఎప్పటిలాగే పోతున్నదా, నిలిచి నిలిచి పోతున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు తెలిస్తే సగం పని అయినట్లే.

తన నీటికి తానే గుడగుడలాడుతూ, నీరు కూడా నెమ్మదిగా దిగుతున్నట్లయితే అడ్డు దగ్గరలోనే ఉన్నది. ఇది అన్నిటి కంటే సాధారణమైనది, మన చేతితో బాగు చేసుకోగలిగినది. మన ఇళ్ళలో ఆ అడ్డు ఏమై ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. నూనె పట్టిన తల వెంట్రుకలు, సబ్బు మడ్డి, సున్నిపిండి, తలకు పట్టించి కడిగిన మెహందీ పొడి, వాష్ బేసిన్‌లో మిస్వాక్ పీచు. మెహందీ పొడి నీటిలో కరగదు, అడుగున బురదలా పేరుకొని వెంట్రుకలను పట్టి ఉంచుతుంది. రబ్బరు తొడుగులు వేసుకొని జాలీ ఎత్తండి. క్రింద బోర్లించిన గిన్నె ఉంటే తీసి, దానికి, దాని చుట్టూ పట్టినదంతా చేతితో తీయండి. దానిని మళ్ళీ మోరీలోకి కడగవద్దు, పాత కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. ఆ గిన్నెను తిరిగి అమర్చడం మరువకండి. నీరు తొందరగా పోతుందని దానిని తీసి పారేసే ఇళ్ళు చూశాను. చాలా జాలీలలో నీటి మూతను నిలిపేది ఆ గిన్నెయే. వాష్ బేసిన్ అయితే క్రింద బకెట్టు పెట్టి, సీసాలాంటి భాగాన్ని చేతితో త్రిప్పితే ఊడి వస్తుంది. లోపలి మడ్డి కడిగి, రబ్బరు వాషరు సరిగ్గా కూర్చున్నదో లేదో చూసి బిగించండి.

అడ్డు ఇంకొంచెం లోపల ఉంటే రబ్బరు పంపు వాడాలి. చాలామంది దీనిని వాడి, ఫలితం లేదని విడిచిపెడతారు. కారణం, ప్రక్కనున్న రంధ్రాలను మూయకపోవడం. వాష్ బేసిన్ అంచు క్రింద పొంగు నీటి కోసం చిన్న రంధ్రం ఉంటుంది, దానిని తడిగుడ్డతో గట్టిగా మూయండి. అదే గదిలో మరొక జాలీ ఉంటే దానినీ మూయండి. రబ్బరు గిన్నె మునిగేంత నీరు నిలిపి, పది పదిహేనుసార్లు నొక్కి లాగండి. నొక్కడం కంటే లాగడమే ఎక్కువ పని చేస్తుంది. తరువాత గోరువెచ్చని నీరు పోయవచ్చు. సలసల మరిగే నీరు మాత్రం వద్దు. ప్లాస్టిక్ గొట్టాలు ఆ వేడికి మెత్తబడి కీళ్ళ దగ్గర వదులవుతాయి.

యాసిడ్ గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. మన స్నానాల గదులలో ఒక మూల యాసిడ్ సీసా, మరొక మూల బ్లీచింగ్ పౌడర్ ఉండడం మామూలు. ఒకటి పని చేయలేదని దాని మీద రెండవది పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. మోరీల కోసం అమ్మే కాస్టిక్ సోడా గుళికల మీద యాసిడ్ పోస్తే నీరు ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. ఒకవేళ ఎవరైనా పొరపాటున కలిపితే, దానిని సరిచేయాలని అక్కడే నిలబడకండి. వెంటనే బయటికి వచ్చి, తలుపులు కిటికీలు తెరచి, దగ్గు గాని ఆయాసం గాని ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. ప్లంబరు వచ్చినప్పుడు మోరీలో ఇదివరకు ఏం పోశారో అతనికి తప్పక చెప్పండి. మూత తెరిచేది, తీగ లాగేది అతని చేతులే కదా. ఇంతా చేసి, వెంట్రుకల ముద్దను యాసిడ్ అంతగా కరిగించదు. గాలి గొట్టం మూసుకుపోతే దానితో బొత్తిగా ప్రయోజనం లేదు. మా ఇంట్లో మొదటి ప్లంబరు పోసిన సీసాలు అలాగే వృథా అయ్యాయి.

బక్రీద్ తరువాతి వారంలో గుడగుడలు ఎక్కువ కావడం మీరూ గమనించి ఉంటారు. బోటీ, కాళ్ళు స్నానాల గదిలోనో పెరటి మోరీ దగ్గరో సున్నం రాసి, వేడినీటితో కడుగుతాము. వేడికి కరిగిన క్రొవ్వు మన కంటి ముందు నీటిలా పోతుంది. పది అడుగుల దూరం పోయి చల్లబడగానే గొట్టం గోడకు మైనంలా అంటుకుంటుంది. దాని మీద సున్నం, వెంట్రుకలు చేరి గట్టిపడతాయి. మరుసటి ఏడు మరొక పొర. క్రొవ్వును ముందే చేతితో, కత్తితో తీసి వేరుగా పెట్టాలి. గిన్నెలను కాగితంతో తుడిచిన తరువాత కడగాలి. మోరీ మీద ఆ పూట సన్న జల్లెడ పెట్టాలి. అప్పటికే పట్టిన పొరను నీళ్ళు, మందులు వదిలించలేవు. బయటి చాంబర్ నుంచి వెదురు బద్దో స్ప్రింగ్ తీగో పెట్టి గీకించవలసిందే.

నీరు చక్కగా పోతూనే చివరి గుక్క దగ్గర మాత్రం వాష్ బేసిన్ ఒకసారి గుడగుడమంటే అంత కంగారు పడనక్కరలేదు. నిండా ఉన్న బేసిన్ ఒక్కసారిగా ఖాళీ అయినప్పుడు అది కొంతవరకు సహజం. కాని బేసిన్ క్రింద మడతలు మడతల ప్లాస్టిక్ గొట్టాన్ని తిన్నగా నేలలోని రంధ్రంలో దూర్చి వదిలి ఉంటే ఆగి చూడండి. అక్కడ సీసా ట్రాప్ గాని, గొట్టంలో వంపు గాని లేకపోతే నీటి మూతే లేదు. దాని వెల కొద్దిది, పావుగంట పని.

ఇప్పుడు మా ఇంటి జబ్బుకు వద్దాము. నీరు బాగానే పోతున్నది, కాని వేరే చోట ఫ్లష్ నొక్కినప్పుడో వాషింగ్ మెషీన్ నీరు వదిలినప్పుడో ఈ మోరీ పలుకుతున్నది. అప్పుడు అనుమానించవలసింది గాలి గొట్టాన్ని. రెండు చిన్న పరీక్షలు చేయవచ్చు. సన్నని కాగితం ముక్కను జాలీ మీద పరచి, పైవారిని ఫ్లష్ నొక్కమనండి. కాగితం జాలీకి అతుక్కుంటే గొట్టం ఇక్కడి నుంచి గాలి లాగుతున్నది. ఎగిరితే క్రింద నుంచి గాలి నెడుతున్నది. రెండవది, కమోడ్‌లో నీటి మట్టం దగ్గర పెన్సిలుతో సన్నని గీత గీయండి. పైవారు రెండు మూడుసార్లు ఫ్లష్ నొక్కిన తరువాత మట్టం గీత కంటే దిగితే సందేహం లేదు, నీటి మూతను గొట్టం పీలుస్తున్నది.

ఆ తరువాత మేడ ఎక్కండి. గాలి గొట్టం కొసకు జాలీ టోపీ ఉండాలి. అది ఊడిపోయిన చోట పిచ్చుకలు, పావురాలు గూళ్ళు పెడతాయి, ఎండుటాకులు పడతాయి, కందిరీగలు మట్టి గూడు కడతాయి. వాసన వస్తున్నదని ప్లాస్టిక్ సంచీ కట్టినవారు ఉన్నారు, కొబ్బరి చిప్ప బోర్లించినవారు ఉన్నారు, నాలాగా సిమెంటు పెట్టించినవారూ ఉన్నారు. టార్చితో లోపల చూడండి. ఒక బకెట్టు నీరు మెల్లగా పోయండి. ధారగా దిగిపోతే దారి ఉన్నది, గొంతు దాకా నిలిస్తే లోపల గూడు ఉన్నది. గొట్టం మీద ముఖం వంచి ఊపిరి పీల్చకండి, మంట దగ్గరికి తీసుకుపోకండి. పిట్టగోడ లేని మేడ అయితే ఈ పని పనివారికే వదలండి.

మా గొట్టాన్ని మేస్త్రీ గది నేలకు క్రింద గోడలో నుంచి ప్రక్కకు మళ్ళించి, వెలుపలి గోడ వెంట నిలబెట్టి, కొత్త గది కప్పు కంటే ఎత్తుకు తీసుకుపోయారు. కొసకు టోపీ బిగించారు. కిటికీకి ఎదురుగా రాకుండా చూశారు. ఒకటిన్నర రోజు పని, నాలుగు వేలకు లోపల ఖర్చు. మేడ మీద గది వేసుకునేవారు ఈ సంగతి ముందే మేస్త్రీకి చెబితే ఆ ఖర్చు కూడా ఉండదు.

ఆ సాయంత్రం నేను మేడ ఎక్కి దర్జీ సోదరునితో, ఆయన తల్లితో జరిగినది చెప్పి క్షమించమని అడిగాను. ఆ తల్లి షుగరు వ్యాధిగ్రస్తురాలు. రాత్రి మూడు నాలుగుసార్లు లేవక తప్పదు. మా నిద్ర చెడుతుందని ఆమె ఫ్లష్ నొక్కడం మాని, మోకాళ్ళ నొప్పితోనే వంగి మగ్గుతో కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ వచ్చారట. "పోనీలే బేటా, ఇప్పుడు తెలిసింది కదా" అన్నారు.

అపార్ట్‌మెంట్లలో ఈ తగవు మరింత ముదురుతుంది. నిలువు గొట్టం అందరిదీ. పై అంతస్తువారు మేడ మీద వాసన అని మూస్తే మొదటి బాధ అట్టడుగువారిది. వారు తమ నెత్తి మీద ఉన్న ఇంటివారితో జగడమాడతారు, మూసినవారు నాలుగంతస్తుల పైన ఉంటారు. తగవుకు ముందు అందరూ కలిసి మేడ ఎక్కి చూడడం మేలు. గాలి గొట్టం తెరిచే ఉండి, అయినా నేల అంతస్తు మోరీలో బుడగలు వస్తుంటే, నిలువు గొట్టం మలుపు తిరిగే చోటికి మరీ దగ్గరగా ఆ ఇంటి మోరీని కలిపి ఉంటారు. నేల అంతస్తు నీటిని విడిగా నేరుగా చాంబరుకు కలపడమే దానికి చికిత్స.

ఇక ఇంట్లోని మోరీలన్నీ ఒకేసారి పలుకుతూ, ముందుగా నేల అంతస్తులో నీరు పైకి తన్నుతూ ఉంటే దోషం గది లోపలిది కాదు, బయటి లైనుది. ఇంటి వెలుపలి చాంబరు మూత తీయించి చూడండి. చాంబరు ఖాళీగా ఉంటే అడ్డు ఇంటికీ చాంబరుకూ మధ్య ఉన్నది. నిండి ఉంటే చాంబరు దాటిన తరువాత ఉన్నది, అంటే వీధి లైనులోనో సెప్టిక్ ట్యాంకులోనో. వీధి లైను అయితే పురపాలక సిబ్బందికి తెలియజేయాలి, మన తీగలు అక్కడికి చాలవు. పైకి తన్నిన ఈ నీరు అపవిత్రం. ఆ గదిలో వుజూ, గుసుల్ చేయకుండా వేరే చోటు చూసుకోవాలి. ఒంటికి, బట్టలకు చిందితే కడుక్కోవాలి. నీరు తగ్గిన తరువాత నేలను, గోడలను తడిసినంత మేర శుభ్రంగా కడగాలి.

సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్ళకొకసారి ట్యాంకర్ యంత్రంతో ఖాళీ చేయించాలి. పదిహేనేళ్ళు ముట్టుకోలేదని గొప్పగా చెప్పుకునేవారు ఉన్నారు. వారి ట్యాంకులో అడుగు మడ్డి పొంగి ఇంకుడు గుంతకు పోయే దారిని మూసి ఉంటుంది. వానాకాలంలో నేల తడిసి గుంత నీటిని పీల్చడం మానగానే గుడగుడలు మొదలవుతాయి. ట్యాంకుకు కూడా తన గాలి గొట్టం ఉండాలి.

ఆ ట్యాంకులోకి ఎవరినీ దిగనివ్వకండి. మూత తీసి కాసేపు గాలి తగలనిచ్చాము కదా అనుకోవద్దు. అడుగు మడ్డిని కదిలించగానే వాయువు మళ్ళీ ఒక్కసారిగా పైకి వస్తుంది. ముందే చెప్పాను, మోతాదు పెరిగితే ముక్కు దానిని కనిపెట్టలేదు. దిగినవాడు పడిపోతాడు, అతనిని లాగాలని దిగినవాడూ పడిపోతాడు. ఒక్క గుంతలో ముగ్గురు పోయిన వార్తలు ఇలాగే వస్తాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటిసారి దొరికితేనే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువలలో ప్రాణం పోయినవారి కుటుంబానికి ఇవ్వవలసిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీం కోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. పనివాడు తానే దిగుతానన్నా, అయిదు వందలు తక్కువ తీసుకుంటానన్నా ఒప్పుకోకండి. ట్యాంకరు రావడానికి రెండు రోజులు పడితే ఆ రెండు రోజులు బంధువుల ఇంట్లో ఉండండి. మూత తెరిచి ఉన్నంతసేపు పిల్లలను దూరంగా ఉంచండి, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి. లోపలి మీథేన్ మండుతుంది.

గుడగుడ లేకుండా వాసన మాత్రమే వచ్చే సందర్భం ఒకటి మిగిలింది. భర్త దుబాయ్‌లోనో సౌదీలోనో ఉండగా భార్యాపిల్లలు కూడా సెలవులకు వెళ్ళి, ఇల్లు రెండు నెలలు తాళం వేసి ఉంటుంది. తిరిగి వచ్చి తలుపు తీయగానే ముక్కులు పగిలే వాసన. అడ్డూ లేదు, గూడూ లేదు. వేసవి వేడికి మోరీలోని నీటి మూత ఎండిపోయింది. మోరీకి ఒక చెంబు చొప్పున నీరు పోసి కిటికీలు తెరిస్తే సరిపోతుంది. వెళ్ళేముందు నీరు పోసి, దాని మీద ఒక చెంచా వంటనూనె వేసి పోతే నీరు అంత త్వరగా ఆవిరి కాదు. శీతాకాలంలో పేరుకునేది గనుక కొబ్బరి నూనె మాత్రం వాడవద్దు. వాడకుండా వదిలిన అతిథుల గది మోరీకి కూడా వారానికొక చెంబు నీరు అవసరం.

మా మేస్త్రీ వెళ్ళేముందు ఒక కాగితం అడిగి, దాని మీద మా ఇంటి గొట్టాల దారి గీశారు. ఏ మోరీ ఎక్కడ కలుస్తుంది, చాంబరు మూత గేటు నుంచి ఎన్ని అడుగులలో ఉన్నది, గాలి గొట్టం ఎక్కడ తేలుతుంది అన్నీ అందులో ఉన్నాయి. దానిని ఇంటి కాగితాలతో కలిపి బీరువాలో పెట్టాను, నకలు ఒకటి పైవారికి ఇచ్చాను. మీ ఇంటికి పనివారు వచ్చినప్పుడు మీరూ అలాంటిది ఒకటి గీయించుకోండి, కొత్త గచ్చు వేయించబోయేవారైతే వేయకముందే.